42 యూనిట్లా, 57 యూనిట్లా? ఒకే కారు, రెండు బ్యాటరీలు, ఒక ఘాట్ రోడ్డు

విద్యుత్ కారు కొనబోయేవారికి ఎంత బ్యాటరీ సరిపోతుందో లెక్కగట్టి చెప్పడం నా వృత్తి. ఈ పనిలో ఎదురైన ఒక కేసును ఆ కుటుంబం అనుమతితో ఇక్కడ నమోదు చేస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊళ్లు, వృత్తులు, కారు మోడల్ తీసేశాను; దూరాలను, అంకెలను కొంత సవరించాను గానీ వాటి మధ్య సంబంధం చెడకుండా చూశాను. ఈ కేసునే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. భార్యాభర్తలిద్దరూ ముందుగానే లెక్కలు వేసుకుని వచ్చారు. ఆ లెక్కల్లో కూడికలూ తీసివేతలూ సరిగానే ఉన్నాయి. అయినా ఇద్దరూ చేరుకున్న నిర్ణయాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

నేపథ్యం

వారు ఎంచుకున్న కారు రెండు బ్యాటరీలతో దొరుకుతుంది. చిన్నదాని మొత్తం సామర్థ్యం 45 కిలోవాట్ అవర్లు, అంటే 45 యూనిట్లు. అందులో నడపడానికి నిజంగా అందేవి 42. పెద్దదాని మొత్తం 60, వాడకానికి అందేవి 57. తయారీదారులు పైనా కిందా కొంత భాగాన్ని బ్యాటరీ రక్షణ కోసం అట్టే పెడతారు కాబట్టి నేను ఎప్పుడూ రెండో అంకెతోనే లెక్క మొదలుపెడతాను. చిన్నది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రసాయనంతో చేసినది, పెద్దది ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్). బ్రోషర్‌లో రేంజ్ చిన్నదానికి 330 కిలోమీటర్లు, పెద్దదానికి 440 అని ఉంది.

రోజువారీ ప్రయాణం రానుపోను 56 కిలోమీటర్లు. ఇంటి పార్కింగ్‌లో 16 ఆంపియర్ల సాకెట్ ఉంది. ఇవి కాక, నెలకు రెండుసార్లు ఆమె పుట్టింటికి వెళ్తారు. ఆమె తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రమే కావడంతో ఆ ప్రయాణాలు తగ్గే అవకాశం లేదు, పెరగవచ్చు కూడా. ఆ ఊరు 225 కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉంది. మొదటి 120 కిలోమీటర్లు సాఫీగా సాగే హైవే. తరువాత 45 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, అందులో ఎక్కవలసిన ఎత్తు 700 మీటర్లు. ఆ పైన 60 కిలోమీటర్లు పీఠభూమి. దారిలో ఫాస్ట్ ఛార్జర్లు రెండే చోట్ల ఉన్నాయి: ఒకటి ఘాట్ మొదట్లో, మరొకటి ఘాట్ ఎక్కాక. ఈ కారును కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకోవాలని వారి ఉద్దేశం.

సమస్య

భర్త వాదన ఇది: "రోజుకు 56 కిలోమీటర్లే నడుపుతాం. చిన్న బ్యాటరీ అయిదు రోజులకు వస్తుంది. పుట్టింటి దారి 225, బ్రోషర్ రేంజ్ 330. ఇంకా వంద మిగులుతుంది కదా, పెద్దది ఎందుకు?" భార్యకు ఆ 330 మీద నమ్మకం లేదు. బ్రోషర్ అంకెలో సగమే నిజమనుకోవాలని ఎవరో చెప్పారు. ఆ లెక్కన చిన్నది 165 కిలోమీటర్లే వస్తుంది కాబట్టి దొరికేవాటిలో అన్నిటికన్నా పెద్దది తీసుకుందామన్నది ఆమె మాట. వాదన ముదిరి, ఏదీ కొనకుండా ఆగిపోయి, నా దగ్గరకు వచ్చారు.

ఆయన సగటు రోజును కొలిచారు. ఆమె బ్రోషర్ అంకెను ఒక గుడ్డి నిష్పత్తితో తగ్గించారు. ఛార్జర్ నుంచి ఛార్జర్‌కు మధ్య ఎంత శక్తి ఖర్చవుతుందో ఇద్దరూ చూడలేదు.

ముందుగా ప్రయత్నించినవి

మొదట బ్రోషర్ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వివరించాను. అది డబ్ల్యూఎల్‌టీపీ అనే అంతర్జాతీయ ప్రామాణిక పరీక్షలో వచ్చిన అంకె. 23 డిగ్రీల ఉష్ణోగ్రతలో, ఏసీ ఆపి, సుమారు 23 కిలోమీటర్ల దూరాన్ని అరగంటలో రోలర్ల మీద నడిపించే పరీక్ష అది. సగటు వేగం గంటకు 46.5 కిలోమీటర్లు. ఈ అంకెలో మోసమేమీ లేదు, కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. కానీ గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90లో వెళ్లే కారు 110లో వెళ్తే, గాలిని చీల్చుకుపోవడానికి ప్రతి కిలోమీటరుకూ పట్టే శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందువల్ల నగరంలో బ్రోషర్‌కు దగ్గరగా నడిచే కారే హైవే మీద చాలా వెనకబడుతుంది. సగం అనే నిష్పత్తి నగరానికి మరీ తక్కువ. వేగమూ చలీ ఎత్తూ కలిసివచ్చిన రోజున అదే సరైనదిగా తేలవచ్చు. ఒకే నిష్పత్తిని అన్ని దారులకూ వాడితే, దారిలో ఏ భాగం కష్టమైనదో కనిపించకుండా పోతుంది. ఆ పద్ధతిని అక్కడితో వదిలేశాం.

తరువాత రోజువారీ అవసరం చూశాం. వారి నగర ప్రయాణానికి 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు వేసుకుంటే రోజుకు 8 యూనిట్ల లోపే. 16 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు సుమారు 3.3 యూనిట్లు వస్తాయి, నష్టాలు పోను బ్యాటరీలోకి 2.9 చేరతాయి. అంటే రోజంతా వాడినది రాత్రి మూడు గంటల్లో తిరిగి నిండుతుంది. ఇంట్లో సాకెట్ ఉన్నవారికి రోజువారీ ప్రయాణం బ్యాటరీ సైజును నిర్ణయించదన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ దంపతులకూ కలిగింది.

ఇక్కడే ఇంకో లెక్క చూపించాను. ఎన్‌ఎంసీ బ్యాటరీని రోజూ 80 శాతం దగ్గర ఆపడం దాని ఆయుష్షుకు మంచిది. ఎల్‌ఎఫ్‌పీని తరచూ 100 శాతం దాకా నింపమని తయారీదారులే చెబుతారు, ఎందుకంటే దాని వోల్టేజ్ చాలా మేరకు ఒకే స్థాయిలో ఉండటం వల్ల, అప్పుడప్పుడు పూర్తిగా నిండకపోతే ఎంత మిగిలిందో బీఎంఎస్ (బ్యాటరీని పర్యవేక్షించే వ్యవస్థ) సరిగ్గా అంచనా వేయలేదు. కాబట్టి మామూలు రోజుల్లో చిన్నదానిలో చేతికందేవి 42 యూనిట్లు, పెద్దదానిలో 57లో 80 శాతం, అంటే 45.6. తేడా నాలుగు యూనిట్లు కూడా లేదు. పెద్ద బ్యాటరీకి పెట్టే అదనపు డబ్బంతా నూటికి నూరు శాతం నింపుకుని బయల్దేరే ప్రయాణపు రోజుల కోసమే పెడుతున్నట్టు. ఆ రోజులు విలువైనవో కావో తేలితే తప్ప ఈ ప్రశ్న తేలదు.

బరువు గురించి కూడా భర్త అడిగారు. పెద్ద బ్యాటరీ బరువును మోయడానికే సగం కరెంటు పోతుందేమోనని ఆయన సందేహం. ఎల్‌ఎఫ్‌పీ ఒక్కో యూనిట్‌కు ఎక్కువ బరువుంటుంది కాబట్టి ఈ రెండు కార్ల మధ్య తేడా 50 కిలోలే. 50 కిలోలను 700 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లడానికి పట్టేది పదో వంతు యూనిట్. ఆ చర్చ అంతటితో ముగిసింది.

దారిని ముక్కలుగా విడగొట్టడం

అప్పుడు దారిని మూడు ముక్కలు చేసి దేనికది లెక్కించాం. హైవే మీద గంటకు 100 నుంచి 105 వేగంతో 100 కిలోమీటర్లకు 17.5 యూనిట్ల చొప్పున 120 కిలోమీటర్లకు 21. ఘాట్‌లో వేగం తక్కువ కాబట్టి నడకకు 6 యూనిట్ల లోపే చాలు, కానీ మనుషులూ సామానుతో కలిపి 1,900 కిలోల బండిని 700 మీటర్లు ఎత్తడానికి, మోటారు నష్టాలు కలుపుకుని, ఇంకో 4 కావాలి. ఏసీకో హీటర్‌కో గంటకు 1.5 యూనిట్లు వేసుకుంటే ఘాట్ పైకి చేరేసరికి మరో 3.5. అన్నీ కలిపి రెండో ఛార్జర్ దాకా 34.4 యూనిట్లు. ఆ పైన పీఠభూమి మీద 11 చిల్లర.

కొత్త చిన్న బ్యాటరీ ఘాట్ ఎక్కేసరికి 7.6 యూనిట్లు, అంటే 18 శాతం మిగులుస్తుంది. చూడటానికి బాగానే ఉంది. మొదటి ఛార్జర్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగితే ఇంకా నిశ్చింత. ఈ ఆగే పథకంతో చిన్నదే చాలని కాగితం మీద తేలింది. భర్త ముఖం వికసించింది. నాకు మాత్రం రెండు అనుమానాలు మిగిలాయి: ఆ ఛార్జర్ ప్రతిసారీ దొరుకుతుందా, ఎనిమిదో ఏట కూడా ఈ 18 శాతం ఉంటుందా.

విఫలమైనది

కొనేముందు అదే మోడల్, అదే చిన్న బ్యాటరీ ఉన్న కారును అద్దెకు తీసుకుని, కుటుంబంతో, సామానుతో, ఏ వేగంతో ఎప్పుడూ వెళ్తారో ఆ వేగంతోనే పుట్టింటికి వెళ్లి రమ్మన్నాను. డ్రైవింగ్ తెలిసిన ఇంకెవరో నడిపి చూపిస్తే ఉపయోగం లేదు. వాళ్ల పాదం, వాళ్ల తొందర, వాళ్ల సామాను లెక్కలోకి రావాలి. ప్రతి మలుపు దగ్గరా శాతాన్ని రాసుకోమన్నాను.

హైవే చివరికి 45 శాతం ఉంటుందని నా అంచనా, ట్రాఫిక్ వల్ల వేగం కొంచెం తగ్గి 47 ఉంది. మొదటి ఛార్జర్ దగ్గర కారుకు తగిలించే ఛార్జింగ్ గన్‌లు రెండు. ఒకదాని స్క్రీన్ నల్లగా ఉంది. రెండోదానికి తగిలించి ఉన్న కారు 80 శాతం దాటి, అక్కడి నుంచి వంద దాకా పోవాలని నెమ్మదిగా నింపుకుంటోంది. బ్యాటరీ నిండేకొద్దీ అది తీసుకునే పవర్ తగ్గిపోతుంది కాబట్టి ఆఖరి 20 శాతానికి పట్టే సమయం, అంతకుముందు 10 నుంచి 80 దాకా పట్టిన సమయానికి దగ్గరగా రావచ్చు. ఆ కారు యజమాని కనుచూపు మేరలో లేరు. చాలాసేపు చూసి, రెండో ఛార్జర్ దాకా వస్తుందని నా కాగితం చెబుతోంది కదా అని వీళ్లు ఘాట్ ఎక్కారు.

ఘాట్‌లో వాన పట్టుకుంది. తడి రోడ్డు మీద టైర్లకు నిరోధం పెరుగుతుంది, అద్దాల మీద ఆవిరి తుడవడానికి ఏసీ, హీటర్ రెండూ పనిచేయాలి. 27 శాతం పోతుందనుకున్న చోట 31 పోయింది. చివరి మలుపుల్లో శాతం తగ్గుతుంటే చూడలేక ఆమె ఏసీ ఆపారట. రెండు నిమిషాల్లో ముందు అద్దం మసకబారింది. పిల్లవాడు ముందుకు వంగి రుమాలుతో తుడుస్తుంటే, ఆ తుడిచినంత మేర చూసుకుంటూ ఆయన బండి నడిపారు. పైకి చేరేసరికి 16 శాతం. అంకెల పరంగా నా అంచనాకు రెండు శాతమే తేడా. కానీ ఘాట్ రోడ్డు మీద వానలో ఏసీ ఆపి నడపవలసి వచ్చిందంటే, ఆ ప్రయాణం సురక్షితంగా జరిగిందని నేను ఒప్పుకోను.

హైవే మీద 85 దాటకుండా నడిపితే నాలుగు యూనిట్ల దాకా మిగులుతుంది. ఆ మార్గం కూడా వారి ముందుంచాను. ఆమె ఇచ్చిన జవాబు నా నోట్సులో అలాగే రాసుకున్నాను: "నాన్నకు బాగాలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే, ఎనభై అయిదు దాటకండి అని ఈయనతో అనగలనా అండీ?" ఎనిమిదేళ్ల పాటు ప్రతిసారీ నిగ్రహం చూపిస్తేనే నిలబడే పథకాన్ని నేను సిఫారసు చేయలేను. అలా నడపగలిగినవారు ఉంటారు, కానీ వీరి ప్రయాణాల స్వభావం అది కాదు.

ఫలించినది

దీంతో ప్రశ్నను మార్చి అడిగాం: దారిలో మొదటి ఛార్జర్ లేదనుకుని, వాన పడుతుందనుకుని, కారుకు ఎనిమిదేళ్లు నిండాయనుకుని, రెండో ఛార్జర్‌కు చేరగలమా?

బ్యాటరీ వాడినా వాడకపోయినా వయసుతో సామర్థ్యం తగ్గుతుంది. మొదటి ఒకటి రెండేళ్లలో కొంచెం వేగంగా, ఆ పైన నెమ్మదిగా. ఎనిమిదేళ్లకు 15 శాతం తగ్గుతుందని వేసుకున్నాను. ఎల్‌ఎఫ్‌పీ ఎక్కువ సార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటుందన్నది నిజమే అయినా, కాలం వల్ల వచ్చే క్షీణత దానికీ తప్పదు కాబట్టి రెండింటికీ ఒకే అంకె పెట్టాను. అప్పుడు చిన్నదానిలో 35.7 యూనిట్లు ఉంటాయి. అవసరం 34.4. మిగిలేది ఒక యూనిట్ చిల్లర, అదీ వాన లేని రోజున. పెద్దదానిలో 48 చిల్లర ఉంటాయి, ఘాట్ ఎక్కాక 14 మిగులుతాయి.

భర్త వెంటనే వారంటీ ప్రస్తావన తెచ్చారు. ఈ కారుకు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల బ్యాటరీ వారంటీ ఉంది. అయితే ఆ హామీ సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితేనే వర్తిస్తుంది. 71 శాతం ఉన్న బ్యాటరీకి కంపెనీ ఏమీ చేయనక్కర్లేదు. అందుకే 70 శాతంతోనూ లెక్కవేశాం. చిన్నదానిలో 29.4 యూనిట్లు: ఘాట్ పైకి చేరదు. పెద్దదానిలో 39.9: చేరుతుంది, ఇంకా అయిదు యూనిట్లకు పైగా మిగులుతుంది. వారంటీ ఒప్పుకునే అత్యంత హీనమైన స్థితిలో కూడా ఒక ఛార్జర్‌ను వదిలేసి రెండోదానికి చేరగలిగే బ్యాటరీ ఈ రెండింటిలో ఒక్కటే. ఆయన కాసేపు కాగితం వైపు చూసి, తానే ఆ అంకె కింద గీత గీశారు. వారు పెద్దది తీసుకున్నారు.

దానితో పాటు ఇంకో రెండు పనులు చేయించాను. పుట్టింట్లోని సాకెట్‌ను పరీక్షించమంటే ఎలక్ట్రీషియన్ విప్పి చూశారు. అద్దె కారును ఒక్క రాత్రి ఛార్జ్ చేసినందుకే ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. గీజర్ అరగంట నడిచి ఆగిపోతుంది. కారు పది గంటలు ఆగకుండా లాగుతుంది. మీటర్ నుంచి నేరుగా మందపాటి వైరుతో విడి లైను, సరైన ఎర్తింగ్, మంచి సాకెట్ వేయించారు. నా దృష్టిలో ఇది బ్యాటరీ ఎంపికలో భాగమే, ఎందుకంటే తిరుగు ప్రయాణపు లెక్క అంతా అక్కడ రాత్రికి 29 యూనిట్లు నిండుతాయన్న నమ్మకం మీద నిలబడి ఉంది. రెండో పని, ఛార్జింగ్ అలవాటు: మామూలు రోజుల్లో 80 శాతం, ప్రయాణం ముందు రాత్రి మాత్రం 100, అదీ బయల్దేరే వేళకు కొంచెం ముందు పూర్తయ్యేలా టైమర్. పూర్తిగా నిండిన ఎన్‌ఎంసీ బ్యాటరీని, ముఖ్యంగా ఎండలో, రోజుల తరబడి అలా వదిలేయడమే దానికి ఎక్కువ చెరుపు.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో మార్పు

ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవారిని రోజుకు ఎన్ని కిలోమీటర్లని ముందుగా అడగడం లేదు. ఏడాదిలో మీరు తప్పించుకోలేని అతి కష్టమైన ప్రయాణం ఏది, అది ఎన్నిసార్లు, ఈ కారును ఎన్నేళ్లు ఉంచుకుంటారు అని అడుగుతాను. తరువాత ఛార్జర్ల జాబితా తీసుకుని, ఒక్కొక్కదాన్నే చెరిపేస్తూ మిగిలినవాటి మధ్య ఖర్చయ్యే యూనిట్లు లెక్కిస్తాను. అలా వచ్చిన అతి పెద్ద అంకె, దానిపైన 12 శాతం నిల్వ, వయసుకు తరుగు: వీటికి సరిపోయేవాటిలో అన్నిటికన్నా చిన్న బ్యాటరీయే సరైనది. ఆపైన కొనేది చాలావరకు మోసుకు తిరగడానికే.

ఈ పద్ధతి ఎప్పుడూ పెద్దదాన్నే చూపిస్తుందని అనుకోకూడదు. ఇదే దంపతులు నాలుగేళ్లకు కారు మార్చే అలవాటు ఉన్నవారైతే చిన్నది దాదాపు సరిపోయేది. ఆ ప్రయాణం ఏడాదికి ఒకసారే అయితే ఆ ఒక్కసారికి వేరే బండి అద్దెకు తీసుకోమని చెప్పేవాణ్ని. ఇంట్లో సాకెట్ లేకపోతే ప్రశ్న మరోలా ఉండేది: అప్పుడు వారానికి ఎన్నిసార్లు ఛార్జర్ దగ్గర కాచుకుని కూర్చోవాలన్నదే ప్రధానమయ్యేది.

ఏడాది దాటాక వారితో మాట్లాడాను. మామూలు రోజుల్లో పెద్ద బ్యాటరీ ఉన్నట్టే తెలియదని ఆయన అన్నారు. అది మేము ముందే వేసిన లెక్క. ఘాట్ మొదట్లోని ఛార్జర్‌ను చాలాసార్లు ఆగకుండానే దాటిపోతున్నారట. ఈ మధ్య ఘాట్ సగంలో కొత్తగా ఇంకో ఛార్జర్ పెట్టారని ఆమె చెప్పారు. అంకెలు మళ్లీ వేసి వారికి పంపాను: మొదటిదాన్ని చెరిపేసినా, ఇంటి నుంచి ఆ కొత్త ఛార్జర్‌కు పట్టేది 29 యూనిట్ల లోపే. 15 శాతం తరిగిన చిన్న బ్యాటరీ కూడా అక్కడికి 7 యూనిట్లు మిగుల్చుకుని చేరుతుంది. అదే కుటుంబం, అదే దారి, అదే కారుతో ఇవాళ వస్తే, ఆ తరుగు లెక్క ప్రకారం చిన్నదే చాలంటాను.